నిదానపు కుండలో పాట్ రోస్టు

అమెరికాలో కాపురములున్న కూతుండ్ర యిండ్లకు పోయి నాలుగు మాసములుండి వచ్చిన తల్లులు చెప్పు వింతలలో నొకటి గలదు. ఉదయము ఎనిమిది గంటలకు మాంసమును, దుంపలను ఒక కుండలో పెట్టి, మూతవేసి, మీట నొక్కి, ఇంటికి తాళము వేసికొని ఆలుమగలిద్దరును ఉద్యోగములకు పోవుదురట. సాయంకాలము ఆరింటికి వచ్చి మూత తీయునప్పటికి మాంసము వెన్నవలె నుడికి, ఇల్లెల్ల ఘుమఘుమలాడుచుండునట. పొయ్యిమీద కుండ పెట్టి యిల్లు విడిచిపోవుట యనిన మాటయే మన పెద్దలకు గుండె దడ పుట్టించును. అయినను ఆ కుండ యిప్పుడు మన పట్టణములలోను దొరకుచున్నది. దానిని స్లో కుక్కరందురు. తెలుగున నిదానపు కుండ యని నేననుచున్నాను. కొన్నవారిలో పలువురు ఒకటి రెండు మారులు నీళ్లకూర వండి, రుచిపచి లేదని విసిగి, దానిని అటుక కెక్కించిరి. ఆ కుండ స్వభావ మెరిగి వండిన నిట్లు జరుగదు. అందుచేత ఆ కుండకు పేరు దెచ్చిన పాట్ రోస్టు అను వంటకమును సవిస్తరముగా వ్రాయుచున్నాను. మాంసము ముట్టని సోదరీమణులకును తుదిలో పనికివచ్చు మాటలు కొన్ని గలవు. వానిలో నొకటి ప్రాణరక్షణకు సంబంధించినది గనుక దయతో విడువక చదువగోరెదను.

పాట్ రోస్టు అను పేరే కొంత మోసము. రోస్టు అనగా పొడిసెగకు కాల్చుట. ఇందు కాల్చుట ఆరంభమున పావుగంట మాత్రమే. తక్కినదంతయు మూసిన పాత్రలో కొద్దిపాటి నీటితో, ఆవిరితో, మెల్లగా మ్రగ్గుట. అమెరికాలో న్యూ ఇంగ్లండు అను ఈశాన్యప్రాంతపు గృహిణులు దీనికి పేరువడసినవారు. వారి వంటకమును యాంకీ పాట్ రోస్టు అందురు. జర్మనీ దేశీయులు మాంసమును దినములకొలది సిర్కాలో నానవైచి పిమ్మట నిట్లే మ్రగ్గించి సావర్‌బ్రాటెన్ అని పిలుతురు. ఏ దేశమునందైనను ఇది కలిగినవారి విందుగా పుట్టినది కాదు. పశువు నడుమనుండి వచ్చు మెత్తని ముక్కలకు వెల హెచ్చు. నడచి నడచి గట్టిపడిన భుజపు మాంసము చౌక. ఆ గట్టిమాంసమును ఆదివారమునాడు ఇంటిల్లిపాదికి పండుగభోజనముగా మార్చుటకు పేదయిండ్ల స్త్రీలు కనిపెట్టిన యుపాయమే యిది. అక్కడ దీనికి వాడునది గొడ్డుమాంసము, అందును చక్ అను భుజభాగము. మన యిండ్లలో అది తినువారు తినుదురు, తిననివారు తినరు. తిననివారికి వేటమాంసముతో నిదే పాకము చక్కగా కుదురును.

గట్టిమాంసము మెత్తబడుట యెట్లు? అలంకారశాస్త్రమున కవిత్వమునకు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని మూడు పాకములు చెప్పిరి. ద్రాక్ష నోట బెట్టిన చాలును. కొబ్బరికాయను పీచు వలిచి, పగులగొట్టి, కోరి తినవలెను. భుజపు మాంసము నారికేళపాకము వంటిది. దాని కండపోగుల నడుమ కొల్లాజెన్ అను బలమైన పొర యల్లుకొనియుండును. దానిని హెచ్చుసెగ జయింపలేదు. సుమారు 60, 65 డిగ్రీల వేడి తగిలినంతనే కండపోగులు ముడుచుకొని, తమలోని నీటిని పిండివైచి, మాంసము రబ్బరువలె బిగియును. 70 డిగ్రీలు దాటి, గంటలకొలది ఆ తడివేడిలోనే నిలిచిన పిమ్మట గదా కొల్లాజెన్ కొంచెము కొంచెముగా కరగి జెలటిన్ అగుట. పాయ త్రాగినప్పుడు పెదవు లొకదాని కొకటి అంటుకొనును గదా, ఆ జిగట యిదియే. కాబట్టి మూడవ గంటలో మూతతీసి ముక్క నోటబెట్టుకొనినవారు వంట చెడినదని నిరాశపడుదురు. చెడలేదు. ద్రాక్షాపాకమున కింకను నాలుగైదు గంటలు కావలెను, అంతే.

వైద్యశాస్త్రమున మందాగ్ని యనునది కడుపునకు రోగము. వంటింటిలో మాత్ర మది పొయ్యికి గుణము. ఈ సంగతి మనవారికి క్రొత్త గాదు. పల్లెలలో దాలిగుంట యుండెడిది. నేటికిని కొన్ని యిండ్లలో నున్నది. పిడకలు పేర్చి, నిప్పువేసి, పైన ఊకగాని నుసిగాని కప్పి, పాలకుండను దానిపై నుంచినచో ఉదయమునుండి సాయంకాలము వరకు పాలు పొంగక, మాడక, మెల్లగా కాగి, ఎఱ్ఱబారి, అరటితొక్కవంత మందమున మీగడ కట్టును. కృష్ణా గుంటూరు సీమల ఉలవచారు పూటంతయు సన్ననిసెగమీద మరగిననే గాని చిక్కబడదు. హైదరాబాదు హలీము రంజాను మాసమున ఇటుకల భట్టీలపై పెద్ద దేగిసలలో పది పండ్రెండు గంటలు ఉడుకును. 2010వ సంవత్సరమున దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అను వైద్యుడు 1910లో ఇక్మిక్ కుక్కరను నొక పాత్రను నిర్మించెను. టిఫిను కారియరు వంటి గిన్నెల వరుసను నీరుపోసిన పెద్ద డబ్బాలో దింపి, అడుగున బొగ్గులకుంపటి యుంచినచో అన్నము, పప్పు, మాంసము ఒక్కమారే ఆవిరికి ఉడుకుచుండును. వండువారు తమ పని చూచుకొనవచ్చును. వంగదేశమున నది యెన్నో సంవత్సరములు ఇంటింట వెలసెను. యుద్ధకాలములందు ఇంగ్లండులో ఇంధనము కరవై, స్త్రీలు కుండను పొయ్యిమీద ఒక పొంగు రానిచ్చి, దానిని ఎండుగడ్డి కుక్కిన పెట్టెలో పాతిపెట్టి, ఆ నిలువవేడితోనే కూర పూర్తిచేసికొనెడివారు.

విద్యుత్తు కుండ పుట్టుక మరింత ముచ్చట. తూర్పు ఐరోపాలో విల్నా అను పట్టణమున యూదులు విశ్రాంతిదినమున అగ్ని రగిల్చెడివారు కారు. అందుచేత శుక్రవారము సాయంకాలమే చిక్కుళ్లు, మాంసము, దుంపలు కుండలకెత్తి రొట్టెలవాని యావమునకు పంపెడివారు. రొట్టెలు కాల్చి మంట ఆర్పిన ఆవము రాత్రి యెల్ల మెల్లమెల్లగా చల్లారుచుండగా కుండలు మ్రగ్గెడివి. మరునాటి మధ్యాహ్నమునకు చోలెంట్ అను కూర సిద్ధమయ్యెడిది. అమెరికాలో నివసించిన ఇర్వింగ్ నాక్సన్ అను యంత్రకారుడు తన తల్లి చెప్పిన యీ ముచ్చట విని, చుట్టును సన్ననివేడి తగులునట్లు ఒక విద్యుత్పాత్రను కల్పించి 1940లో పేటెంటు పొందెను. 1970లో ఆ వ్యాపారమును రైవల్ అను సంస్థ కొని, మరుసటియేడు క్రాక్‌పాట్ అను పేర విడుదల చేసెను. ఆ కాలమున అక్కడి స్త్రీలు వేలకువేలుగా ఉద్యోగములకు పోవుచుండిరి. కుండయు అట్లే అమ్ముడుపోయెను. ఒక తల్లి నోటిమాట కొడుకు చేతిలో యంత్రమై, మరల కోట్లకొలది తల్లుల వంటయిండ్లకు చేరినదన్నమాట.

ఇక పాకము. నాలుగు లీటర్ల కుండకు కిలోన్నర మాంసము చాలును. కొట్టువానితో ముందుగానే చెప్పి, మేక లేక గొఱ్ఱె ముందుకాలి జబ్బను ఎముకతోకూడ ఒక్కముక్కగా, కుండకు పట్టనిచో రెండు ముక్కలుగా, కొట్టించుకొనవలెను. వాడు అలవాటుచొప్పున చిన్నచిన్న ముక్కలు నరుకబోవును. దగ్గర నిలిచి వారింపవలెను. చిన్నముక్కలు ఎనిమిది గంటలలో పీచుపీచై పులుసులో కలిసిపోవును. లేతమాంస మడుగుట కూరకు మంచిదేగాని దీనికి గాదు. కొంచెము ముదురుదే, నడుమ తెల్లనిపొరలున్నదే కోరవలెను.

రాత్రియే మాంసమును కడిగి, తడి తుడిచి, మూడు చిన్నచెంచాల యుప్పు, ఒకచెంచా మిరియపుపొడి అన్నివైపుల రుద్ది, శీతలపేటికలో నుంచుడు. ఉప్పు రాత్రియెల్ల లోనికి దిగును, పైభాగము ఆరును. ఆ యారుటయే మరునాటికి మేలు. ఉదయమున ఇనుపమూకుడు బాగుగా కాలనిచ్చి, రెండుగరిటెల నూనె పోసి, మాంసమును అందు దింపి, కదపక విడువవలెను. ఒక్కొక్కవైపు నాలుగైదు నిమిషములు కాలి ముదురుగోధుమవన్నె రావలెను. మన సోదరీమణు లెక్కువమంది విడుచునది యీ యొక్క మెట్టే. నీళ్లకూరకు మూలము నిదియే. నీరున్నచోట వేడి నూరు డిగ్రీలు దాటదు; ఎఱ్ఱబారుటకు నూటనలుబది డిగ్రీల దాపున కావలెను. 1912లో మయ్యార్ అను ఫ్రెంచి పండితు డీ వన్నెకును వాసనకును గల రసాయనక్రియను వివరించెను గనుక దాని కాయన పేరే నిలిచినది. నిదానపు కుండ యెన్ని గంటలు వెలిగినను ఆ పని తనంతట చేయలేదు. అది మూకుడు చేయవలసినదే. లోపలి రసము పైకి రాకుండ బంధించుటకై వేచుదురని కొందరందురు, అది సరిగాదు, వేచుట రుచికొరకే.

మాంసము తీసి పళ్లెములో పెట్టి, ఆ మూకుడులోనే మూడు పెద్ద నీరుల్లిగడ్డలు నిలువుగా చీల్చి వేయవలెను. అవి ఎఱ్ఱబడినపిమ్మట ఒలిచిన వెల్లుల్లిరెబ్బలు ఎనిమిది, సన్నగా తరిగిన అల్లము ఒక అంగుళము, తక్కాళీపండు గుజ్జు రెండుగరిటెలు చేర్చి, గుజ్జు పచ్చివాసన పోయి నూనె తేలువరకు వేచవలెను. పిమ్మట నొక గ్లాసు నీరు, అనగా ఇన్నూరు మిల్లీలీటర్లు, పోసి అట్లకాడతో మూకుడు అడుగునంతయు గోకవలెను. అడుగునంటిన ఆ నల్లనిమడ్డియే సగము రుచి. అమెరికావారు ఇక్కడ ఎఱ్ఱని ద్రాక్షసారా పోయుదురు. దాని పులుపునకు బదులు మనము ఒకచెంచా చింతపండుగుజ్జు వేసికొనిన లోటులేదు. నీరు గ్లాసుకు మించరాదు. పొయ్యిమీద కుండలోనైన ఆవిరి పోవును. ఇందు మూత బిగువుగా నుండి ఆవిరి మరల నీరై లోననే పడును, మాంసమును తన నీరు విడుచును. ఉదయమున పోసిన గ్లాసు సాయంకాలమునకు రెండు గ్లాసులగును.

దుంపలు అడుగున, మాంసము పైన: ఇది రెండవ ముఖ్యమైన సంగతి. విచిత్రముగా తోచవచ్చును గాని, ఈ కుండలో మాంసము ఉడికినను దుంపలు గట్టిగా నిలుచుట గలదు. వేడి గోడలనుండియు అడుగునుండియు వచ్చును గనుక వానిని అక్కడ నుంచవలెను. బంగాళాదుంపలు నాలుగు రెండేసి చెక్కలుగా, కారట్టులు మూడు పెద్దముక్కలుగా కోసి పరచవలెను. చింతపండు కందిపప్పును ఉడుకనీయదని మనకు తెలిసినదే గదా. దుంపల విషయమునను అంతే. అందుచేత చింతపండుగుజ్జును తుది అరగంటలో వేయుట మేలు. కందదుంప వేయదలచినవారు దాని దురద పోవునట్లు ముందుగా వేరుగా ఉడికించి, తుదిలో చేర్పవలెను.

పైన మాంసము నుంచి, మూకుడులోని రసమంతయు పోసి, కుండ సగమునకు తక్కువగాని మూడింట రెండుపాళ్లకు మించిగాని నిండకుండ చూచి, మూతవేయుడు. లో అను గుర్తుమీద ఎనిమిది తొమ్మిది గంటలు, హై అను గుర్తుమీద ఐదారు గంటలు పట్టును. చాల కుండలలో రెండుగుర్తులును కడకు ఇంచుమించు నొకే వేడికి చేరును. చేరు కాలమునందే భేదము. ఈ వంటకు లో మేలని నా యభిప్రాయము. నడుమ మూత తీయరాదు. తీసినమారెల్ల పోయిన వేడి తిరిగి కూడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. ఇంట నలుగురు పిల్లలున్నచోట ఈ నియమము నిలుపుట మిక్కిలి కష్టము. వాసన వారి నూరకుండనీయదు.

మసాలాల విషయమున మన చేతివాటమును కొంత మార్చుకొనవలెను. లవంగము, దాల్చినచెక్క ఎనిమిది గంటలు నానినచో తక్కిన రుచులనన్నింటిని మ్రింగివేయును. కూరకు వేయుదానిలో సగము, అనగా రెండు లవంగములు, గోరంత చెక్క, ఒక బిరియానీ ఆకు చాలును. ధనియాలపొడి, జీలకఱ్ఱపొడి మొదటనే వేసినచో సాయంకాలమునకు వాసన సన్నగిల్లును. తుది అరగంటలో వేయవలెను. కొత్తిమీర, పుదీన దింపిన పిమ్మటనే. పెరుగుగాని కొబ్బరిపాలుగాని ముందు పోసిన విరిగిపోవును. గసగసాలు, కొబ్బరి నూరి వేసి మన మసాలాకూరగా మార్చువారు గలరు. అదియు రుచిగనే యుండును గాని, అప్పుడది మసాలాకూరయే. ఈ పాట్ రోస్టులో మాంసపు రుచి ముందు నిలిచి మసాలా వెనుక నిలువవలెను. అతిథులకు కారము చాలలేదని తోచినచో పచ్చిమిరపకాయలు వేచి ప్రక్కన పెట్టుట మర్యాద.

ముల్లుగరిటె గ్రుచ్చి త్రిప్పిన మాంసము ఎముకనుండి తనంతట విడినచో పాకము కుదిరినట్లు. మాంసమును పళ్లెములోనికి మెల్లగా ఎత్తి, మూతపెట్టి, పావుగంట విడువవలెను. ఇంతలో రసముపై తేలిన క్రొవ్వును గరిటెతో తీసివేసి, తక్కినదానిని మూకుడులో పోసి పెద్దమంటమీద సగమగువరకు మరగించుడు. కుండలో పలుచగా, పేలవముగా తోచిన రసము పదినిమిషములలో నిగనిగలాడుచు గరిటె నంటును. చింతపండు, ఉప్పు చూచుకొనవలసిన దప్పుడే. ముందు చూచినచో మరగిన పిమ్మట ఉప్పు హెచ్చగును. మాంసమును పోగుల కడ్డముగా కోసి, దుంపలు చుట్టును పేర్చి, పైన ఈ రసము పోసి వడ్డింపవలెను. అక్కడ రొట్టెతో తినుదురు. వేడియన్నముతో గాని రాగిసంకటితో గాని దీనికి కుదిరిన పొందిక రొట్టెతో కుదరదు.

యంత్రము లేనివా రేమి చేయవలెను? అడుగు మందముగానున్న పాత్రలో నిదే పద్ధతిని సకలమును సమకూర్చి, అంచునకు గోధుమపిండిముద్ద మెత్తి మూత బిగించి, మిక్కిలి సన్ననిమంటమీద మూడు మూడున్నర గంటలు విడిచినచో అంతే రుచి వచ్చును. నీరు మాత్రము మరియొక అరగ్లాసు కావలెను. మట్టికుండ యింకను శ్రేష్ఠము. ప్రెషరు కుక్కరులో వేడి నూటయిరువది డిగ్రీల దాక పోవును గనుక నలుబది యేబది నిమిషములలోనే మెత్తబడును; వేళలేనివారికి నది యుపకారియే. కాని పెద్దముక్క అంచులలో పీచుకట్టి, రసము వేరు మాంసము వేరుగా నుండును. రెండును తిని చూచినవారు భేద మెరుగుదురు.

కొందరు పెద్దవారు దీని నాక్షేపింతురు. దగ్గర నుండి కలియబెట్టని వంటకు చేతిరుచి యెక్కడిదని వారి ప్రశ్న. నేను సవినయముగా నొక లెక్క చెప్పెదను. ఆదివారము ఇంట అందరికిని సెలవు. మాంసము తెచ్చినది మొదలు కడుగుట, నూరుట, వేచుట, అడుగంటకుండ చూచుట, వడ్డించుట, పాత్రలు తోముట, ఇంతలో సాయంకాలమగుట: ఇల్లాలికి మాత్రము ఆ సెలవు లేదు. వారమంతయు పాఠశాలలోనో, ఆఫీసులోనో పనిచేసి వచ్చినదైనను అంతే. ఈ పాకమున ఉదయము ముప్పావుగంట, సాయంకాలము అరగంట ఆమె చేయి పడును. నడుమ ఏడెనిమిది గంటలు ఆమెవి. ఆ వేళలో చదువుకొనునో, నిద్రించునో, పుట్టింటికి పోయి తల్లిని చూచివచ్చునో ఆమె యిష్టము. చేతిరుచి ఆ ముప్పావుగంటలోనే యున్నది. తక్కిన గంటలు నిప్పుపని. దాలిమీద పాలుంచిన మన ముత్తవ్వలు పగలంతయు దాని కెదురుగా కూర్చుండలేదు, పొలమునకు పోయిరి. అయితే ఇంకొక మాట. కుండ తనంతట ఉల్లిపాయలు తరుగదు, మూకుడు తోమదు. ఆ పనులు పురుషుల చేతికిని వచ్చునని కొంద రిండ్లలో చూచితిని. చాల మంచి పద్ధతి.

ఖర్చు స్వల్పము. చాలవరకు ఈ కుండలు ఇన్నూరు వాట్లకు అటునిటుగా లాగును. ఎనిమిది గంటలకు ఒకటిన్నర యూనిట్లు, అంతకు కొంచెము మించును.

ఇక జాగ్రత్తలు. అమెరికానుండి బిడ్డలు ప్రేమతో తెచ్చియిచ్చిన కుండను ఉన్నదున్నట్లు మన గోడకు తగిలింపకుడు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. ఇంచుమించు రెట్టింపు వోల్టేజి తగిలినచో కుండ లాగు శక్తి నాలుగింతలకు దగ్గరగును; నిమిషములలో తీగ మాడును, నిప్పంటుకొనుటయు గలదు. వోల్టేజి తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు వేరుగా కావలెను, లేక ఇక్కడి కుండయే కొనుక్కొనవలెను. మూడుకాళ్ల ప్లగ్గు, ఎర్తు సరిగానుండవలెను. మేజాపై గుడ్డగాని ప్లాస్టికుపట్టగాని పరచి దానిపై పెట్టరాదు. తీగ పసిబిడ్డల కందునట్లు వ్రేలాడరాదు.

కరెంటు పోవుట మనకు నిత్యవ్యవహారము. ఈ కుండవిషయమున నది చిన్నసంగతి గాదు. 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమనున్న వేడిలో క్రిములు వేగముగా వృద్ధిపొందును. ఇంటనున్నప్పుడు కరెంటు పోయినచో సకలమును వెంటనే గ్యాసుపొయ్యి మీదికి మార్చి పూర్తిచేయవచ్చును. ఇంట లేనప్పుడు నడుమ ఎంతసేపు పోయినదో తెలియనిచో, చూచుటకు ఉడికినట్లే యున్నను, ఆ మాంసమును పారవేయవలెను. కిలోన్నర మాంసము పారవేయుట కెవరికి మనసొప్పును? అయినను దానిని పిల్లలకు పెట్టరాదు. కొన్ని క్రిములు విడిచిన విషము మరల మరగించినను పోదు. కరెంటు నమ్మకము లేని యూళ్లలో ఇంటనుండు దినముననే ఈ వంట పెట్టుకొనుట యుత్తమము. గడ్డకట్టిన మాంసమును తిన్నగా ఇందు వేయుటయు ఇట్టి యపాయమే. ముందురాత్రి శీతలపేటిక క్రిందియరలో నుంచి పూర్తిగా కరగనిచ్చి వండవలెను. మిగిలినదానిని వెడల్పుపాత్రలలోనికి తీసి, రెండుగంటల లోపల, ఎండకాలమున గంటలోపల, శీతలపేటికలో పెట్టవలెను. మరునాడు వేడిచేయుటకు ఈ కుండ తగదు. పొయ్యిమీద కుతకుత నుడికింపవలెను.

శాకాహారులైన సోదరీమణులకు మొదట చెప్పిన మాట యిది. రాజ్మాగింజలను, ముఖ్యముగా ఎఱ్ఱనివానిని, పచ్చివిగా గాని నానబెట్టి మాత్రమే గాని ఈ కుండలో వేయరాదు. వానిలో లెక్టిన్ అను జాతికి చెందిన నొక విషపదార్థము గలదు. నాలుగైదు పచ్చిగింజలు తినినను రెండుమూడు గంటలలో భరింపరాని వాంతులు, పిమ్మట విరేచనములు పట్టుకొనును. నూరు డిగ్రీల మరుగులో నది నశించును గాని, నిదానపు కుండలో వేడి చాలక నిలిచిపోవచ్చును. 80 డిగ్రీల దాక మాత్రమే కాగిన గింజలు పచ్చివానికంటెను హెచ్చు అపాయకరములని పరీక్షించినవారు తేల్చిరి. కనుక రాత్రియెల్ల నానవైచి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో పొయ్యిమీద అరగంట తెరలకాగనిచ్చి, ఆ పిమ్మటనే ఇందు వేయవలెను. పాలు పోసికొను పసివారికి, వృద్ధులకు అట్టి వాంతులు ప్రాణముమీదికి తేగలవు. ఈ నియమము తెలిసినచో తక్కిన దంతయు సులభమే. రాత్రి నానబెట్టిన ఉలవలను ఉదయమున పొయ్యిమీద ఒకమారు తెరలనిచ్చి, ఈ కుండలో లో గుర్తుమీద సాయంకాలమువరకు విడిచి, కట్టు వడియగట్టి మరగించినచో కట్టెపొయ్యి లేని పట్టణపుటింట ఉలవచారు చేయవచ్చును. పొగవాసన యొక్కటే కొరత.

మాంసము మిగిలినచో, అది మిగులుట యరుదు గాని, చల్లారిన ముక్కలను చేతితో పీచులుగా విడదీసి, కరివేపాకు, మిరియాలతో నేతిలో వేచి, మరునాటి ఉదయము వేడిదోసెలో పెట్టి పిల్లలకు పెట్టవచ్చును. ఎముకలను నీటిలో మరల గంటసేపు మరగించి, రెండు మిరియములు చితుకవైచి, చారు పెట్టుకొనవచ్చును. పింగాణిలోపాత్రను మాత్రము వేడిగానున్నప్పుడు చన్నీటిలో ముంచకుడు, పగులును.